కరియ చెవులు

శింగనమలలో గొర్రెల మందు తీసుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చిన గంగాదేవికి దొడ్డి వాకిట్లో ముందు నెత్తురు కనబడింది, తర్వాత ఎద్దుల బండి కింద నక్కిన కుక్క కనబడింది, ఆ తర్వాత ఆ కుక్క తలకు రెండు చెవులూ లేవని తెలిసింది.

ఆమె మందు సీసాల సంచిని గోడ మీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి చూసింది. చెవులుండాల్సిన చోట రెండు ఎర్రటి అంచులు. వాటి మీద ఎవరో పసుపూ బూడిదా కలిపి మెత్తారు. ఈగలు అప్పటికే పని మొదలుపెట్టాయి.

"కరియా" అని పిలిచింది.

ఆ గొంతు వినబడితే చాలు, తోక ఊపుకుంటూ వచ్చే నల్ల కుక్క ఇంకో జానెడు వెనక్కి జరిగింది. ఆమె చెయ్యి చాపింది. అది మొరగలేదు, కరవడానికి రాలేదు. దెబ్బ పడబోతోందన్నట్టు గట్టిగా కళ్ళు మూసుకుంది.

ఇది ఎవరి పనో గంగాదేవికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసిపోయిందని అనుకుంది.

అక్కడి గొర్రెల కాపరులకు కుక్కల గురించి తెలిసిన శాస్త్రం ఒక్కటే. కుక్క పిరికిదైతే దాని చెవులు కోయాలి. కోసిన చెవుల్ని నిప్పుల మీద కాల్చి దాని చేతే తినిపించాలి. అప్పుడు దానికి రోషం వస్తుంది. తోడేలు కనబడితే చెట్టెక్కే మగాళ్ళు తీరిగ్గా కూర్చుని కనిపెట్టిన వైద్యం అది. తమ చెవుల మీద మాత్రం ఒక్కడూ ప్రయోగించి చూడలేదు.

కిందటి వారమే మంద పెద్ద బసప్ప అందరినీ పిలిచి తేల్చి చెప్పాడు. ఊరి చుట్టూ మేత అయిపోయింది. సోమవారం ఎనిమిది ఇళ్ళ గొర్రెలూ ఒకే మందగా కలిసి విడపనకల్లు వైపు బయల్దేరతాయి, కాలవ కింద మిరప కోతలైన చేలల్లో మేయడానికి. మందకు ఎనిమిది పక్కలా ఎనిమిది కుక్కలు కాయాలి. ఇంటికొక కుక్క. నిలబడే కుక్క లేని ఇంటి గొర్రెలు మందలో కలవవు.

"నీ కరియ తోడేలు వస్తే దానికి దావ చూపించేట్టుండాది" అన్నాడు బసప్ప గంగాదేవితో. అందరూ నవ్వారు. కాపరుల్లో ఒకడైన తిప్పేష్ అందరికంటే ఎక్కువ నవ్వి, "నాకియ్యి గంగక్కా, చెవులు కోసిస్తా. రెండు దినాల్లో పులి అయితాది" అన్నాడు.

కలుపుకోకపోతే ఆమె నలభై గొర్రెలూ ఇక్కడే డొక్కలెండి ఒక్కొక్కటే పడిపోతాయి. ఒంటరిగా తోలుకుపోదామంటే దారి పొడుగునా గుట్టల్లో తోడేళ్ళున్నాయి. మొగుడి ఇల్లు వదిలి ఎనిమిది గొర్రెలతో పుట్టింటికొచ్చి, ఆ ఎనిమిదిని నలభై చేసిన మనిషి ఆమె. అవి పోతే ఇక చూపించుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

నేరుగా తిప్పేష్ ఇంటికి నడిచింది. అతను వాకిట్లో మోటారు సైకిల్ తుడుస్తున్నాడు. మనిషి ముఖం కడుక్కోడానికి నీళ్ళు లేని ఊళ్ళో ఆ బండికి మాత్రం దినమూ స్నానమే.

"ఏరా, చెవులు యాడ పెట్టినావు?"

"ఎవురి చెవులు?"

"నా కుక్కవి. దానికి పెట్టినావా, నువ్వే తినేసినావా?"

తిప్పేష్ గుడ్డ పక్కన పెట్టాడు. అతని ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత సంతోషం కనబడ్డాయి. "కోసేసినారా? ఎవురోగానీ మంచి పని చేసినారే!"

"నువ్వే."

"నేను కోసుంటే ఊరంతా చెప్పుకోకుండా ఉంటానా గంగక్కా? దాచుకునేదానికి ఇదేమన్నా దొంగతనమా?"

ఆ మాటలో నిజముంది. పక్క ఊళ్ళో వాన పడినా అందులో తన చెయ్యి ఉందని చెప్పుకునే రకం తిప్పేష్. కానీ గంగాదేవి ఆ నిజాన్ని చేతికి తీసుకోలేదు. "పిరికి కుక్కను కోసేదానికి మొగోడు గావాల్నా? నీ మాదిరోడు చాలు" అని వెనక్కి తిరిగింది. వీధి మలుపు దాకా అతని నవ్వు ఆమె వెంట వచ్చింది.

పొద్దు వాలేసరికి తండ్రి ఈశ్వరప్ప గొర్రెల్ని తోలుకొచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. గొర్రెల విషయంలో బసప్ప కూడా ఆయన మాట దాటడు. కూతురు చెప్పింది విని, కర్రను గోడకు ఆనించి, బండి వైపు ఒకసారి చూశాడు.

"ఎవురు చేసినారో ఏమో."

"తిప్పేషు గాడు."

"నువ్వు చూసినావా?"

"చూడాల్నా నాయనా? వాడు నోటితో చెప్పినాడు గదా అందురి ముందర."

ఈశ్వరప్ప గొర్రెల్ని దొడ్డిలోకి తోలి, కంప అడ్డం పెట్టాడు. లోపలి నుంచే అన్నాడు. "అయ్యిందేదో అయిపాయ. రోషమొస్తే నీకే గదా మంచిది."

"రోషమా? కళ్ళు మూసుకుంటాండాది నాయనా అది, నా చెయ్యి చూసి! కోసినోని చెయ్యి ఇరిగిపోవాల. ఆ చేత్తోనే వాడు సంగటి తింటాంటాడు గదా, గొంతు దిగుతాదా వానికి?"

ఈశ్వరప్ప కంపను ఇంకోసారి సర్దాడు. అది అప్పటికే సరిగానే ఉంది.

గురువారం పొద్దున పశువుల ఆసుపత్రి నుంచి ముంతాజ్ స్కూటీ మీద వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన పిల్ల. బండి కిందకు వంగి చూసి నాలుక చప్పరించింది.

"ఈ ఎండల్లో పురుగు పడ్తాది గంగక్కా. మందు చల్లాల దినమూ. గుంజుకు రానా బయటికి?"

"వద్దు పాపా. గుంజిన చేతులు చాలు దానికి. సీసా ఇట్లియ్యి."

గంగాదేవి కొంగు నడుముకు దోపుకుని, బోర్లా పడుకుని బండి కిందకు దూరింది. కుక్క వణికింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. దాని వైపు చూడను కూడా లేదు. ముఖం అటు తిప్పుకుని, చెయ్యి మీద తల పెట్టుకుని, నిద్రపోయే మనిషిలాగా ఉండిపోయింది. ముంతాజ్ గోడ నీడలో కూర్చుని ఫోన్లో ఎవరికో ఆలస్యమవుతుందని చెప్పింది. చానాసేపటికి గంగాదేవి మెడకు వెచ్చటి ఊపిరి తగిలింది. ఆమె కదలలేదు. ఇంకొంచెం సేపయ్యాక సీసాను నేల మీదే దొర్లించి వాసన చూడనిచ్చింది. అప్పుడు చల్లింది. కుక్క ఒకసారి కుయ్యిమంది గానీ పారిపోలేదు.

అటుగా పోతూ బసప్ప ఆగాడు. బండి కింద నుంచి బయటికి కనబడుతున్న గంగాదేవి కాళ్ళను చూసి, ముంతాజ్‌తో, "ఏమ్మా, పౌరుషానికి సూది మందేమన్నా ఉండాదా మీ ఆస్పత్రిలో?" అన్నాడు.

"ఉంటే కుక్కకెందుకు బసప్పన్నా, ముందు మీ ఊరి మొగోళ్ళకేస్తా."

బసప్ప నవ్వాడు. తనను కాదనుకున్నాడు.

"ఆదివారం మద్దేనం వంక కాడ కుక్కల్ని చూస్తా గంగాదేవీ. దీన్ని ఎత్తుకొస్తావా, నడిపించుకొస్తావా?" అన్నాడు పోతూ పోతూ.

"నడిచే వస్తాది. నువ్వు కుర్చీ తెచ్చుకో, నిలబడలేవు" అంది బండి కింద నుంచి గంగాదేవి.

ఆ దినం కరియ సంగటి ముట్టలేదు. ఆమె గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుంటే తినలేదు. గిన్నె పెట్టి లేచిపోయినా తినలేదు. సాయంత్రం ఆమె విసుగొచ్చి, బండి చక్రానికి వీపు ఆనించి, తన పళ్ళెంలోనే ఊరిబిండి పచ్చడి నంజుకుంటూ తినసాగింది. చేతికందిన ముద్ద ఒకటి చూడకుండా వెనక్కి పెట్టింది. నాకుతున్న చప్పుడు వినబడింది. రెండో ముద్ద వెనక్కి పెట్టింది. అదీ పోయింది.

గంగాదేవికి అప్పుడు అర్థమైంది. ముఖం చూపిస్తే ఈ కుక్క చేతుల కోసం వెతుకుతోంది. వీపు చూపిస్తే దగ్గరికొస్తోంది. నన్ను నమ్ము అని దాన్ని బతిమాలడం ఆ పూటతో మానేసింది. తనే దాన్ని నమ్మడం మొదలుపెట్టింది.

శుక్రవారం గొర్రెలకు మందు పట్టే పని. తండ్రిని మేపుకు పంపకుండా, ఆయన చేత గొర్రెల్ని ఒక్కొక్కటే పట్టించి, దవడ పక్క నుంచి సీసా మూతి దూర్చి పోసింది. పని మధ్యలో దొడ్డి కంపను మూరెడు తెరిచి ఉంచి, ఆ సందుకు వీపు పెట్టి నిలబడింది. గొర్రెలు ఆ సందు వైపే చూస్తున్నాయి.

"మూసెయ్యి మే, దూకేస్తాయి" అన్నాడు ఈశ్వరప్ప.

"కరియ ఉండాది."

"అదేం చేస్తాది?"

"అదేం చేస్తాదో అదే చూసుకుంటాది. నువ్వు గొర్రెను పట్టుకో."

ఒక బలిసిన పొట్టేలు తల వంచుకుని సందులోకి వచ్చింది. గంగాదేవి తిరగలేదు. ఆమెకు వినబడుతోంది, గిట్టల చప్పుడు, ఆగడం, మళ్ళీ గిట్టల చప్పుడు. తిరిగి చూడకుండా చేతిలోని సీసాను గొర్రె నోట్లోకి వంచింది. ఈశ్వరప్ప మాత్రం చూశాడు. బండి కింద నుంచి కుక్క వచ్చి సందులో అడ్డంగా నిలబడింది. పొట్టేలు ఒక కుమ్ము కుమ్మింది. కుక్క పడింది, లేచింది, మళ్ళీ అక్కడే నిలబడింది. పొట్టేలు వెనక్కి పోయింది.

"ఏమాయ నాయనా?"

ఈశ్వరప్ప ఇంకో గొర్రెను పట్టుకున్నాడు. "నిలబడె" అన్నాడు.

శనివారం ఆమె దాన్ని చేల మీదుగా చెరువు దాకా నడిపించింది. మెడకు తాడు కట్టలేదు. కర్ర చేత్తో ఎత్తకుండా చంకలో పెట్టుకుంది. ట్రాక్టరు వస్తే ఆగిపోయి కాలిలో ముల్లు తీసుకుంటున్నట్టు తీరిగ్గా కూర్చుంది. కుక్క ట్రాక్టరును చూసింది, ఆమె వీపును చూసింది, మళ్ళీ ట్రాక్టరును చూసింది. ఆమె లేవకముందే దుమ్ము అణిగింది. తిరిగొచ్చేటప్పుడు కరియ ఆమెకు రెండడుగులు ముందు నడిచింది.

దారిలో ఎదురైన తిప్పేష్ బండి ఆపాడు. వెనక గంపలో నాలుగు నెలల ఎర్ర కుక్కపిల్ల తల బయట పెట్టి ఉంది. పెంచుతున్నాననే పేరుతో దాన్ని ఊరంతా తిప్పుతున్నాడు.

"ఏమి గంగక్కా, రోషం ఎక్కుతాండాదే!"

ఆమె ఉమ్మేసి ముందుకు నడిచింది. ఇంటికొచ్చి తండ్రికి సంగటి పెడుతూ ఆ కోసినవాణ్ణి మళ్ళీ తిట్టింది. వాని వంశాన్ని తిట్టింది, వాని కత్తెరను తిట్టింది, వాడు ఏ కుక్క బతుకూ బతకడానికి పనికిరాడంది. ఈశ్వరప్ప ముద్దను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించి, చెయ్యి కడిగేసుకున్నాడు.

"తినలేదే?"

"ఎండకు తిరిగినా గదా. ఒళ్ళు బాగలేదు."

ఆదివారం మధ్యాహ్నం వంకలో ఇసుక కాలిపోతోంది. బసప్ప నిజంగానే ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకున్నాడు. దాన్ని సీమజాలి చెట్టు నీడలో వేయించుకుని, కాళ్ళు చాపుకుని, న్యాయమూర్తిలాగా కూర్చున్నాడు. చుట్టూ ఎనిమిది ఇళ్ళ మనుషులు, వాళ్ళ కుక్కలు.

పరీక్ష పాతదే. ఒకడు నల్ల కంబళి కప్పుకుని, నాలుగు కాళ్ళ మీద పాకుతూ గొర్రెల్లోకి వస్తాడు. వాడే తోడేలు. కుక్క వాణ్ణి గొర్రెలను చేరనివ్వకూడదు. తోడేలు పాత్ర వీరేష్‌కు దక్కింది. కల్లు తాగినప్పుడు వాడు ఎలాగూ అలాగే నడుస్తాడని అందరికీ తెలుసు.

ముందు తిప్పేష్ కుక్క. మెడకు ఇనుప ముళ్ళ పట్టీ, పేరు రాకెట్టు. అది ఊరు దద్దరిల్లేట్టు మొరిగింది. మొరుగుతూ తోడేలును దాటి పోయి, సొంత గొర్రెలనే చెల్లాచెదురు చేసి, దూరంగా ఒక పొదను కరిచింది. వీరేష్ కంబళి కింద నుంచి చెయ్యి చాపి ఒక గొర్రెపిల్లను హాయిగా నిమిరాడు.

"గొంతు బాగుండాది. పాస్" అన్నాడు బసప్ప.

ఇంకో రెండు కుక్కలు కూడా గొంతుతోనే గెలిచాయి. ఒకటి వీరేష్ కంబళిని చింపి, బసప్ప కుర్చీ కింద దూరింది. అదీ పాసే.

"గంగాదేవీ, రా. నీ చెవిటిదాన్ని తే."

ఆమె తన గొర్రెలను ఇసుకలోకి తోలింది. వీరేష్ కంబళి కప్పుకుని గుర్రుమంటూ వచ్చాడు. కరియ చటుక్కున ఆమె కాళ్ళ వెనక్కి పోయింది. నవ్వులు వంకలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కొట్టుకున్నాయి.

"కొంగు కిందకు దూర్తాండాది!" అన్నాడు తిప్పేష్.

"కొట్టి ముందుకు తోలు మే, చూస్తావేమి?" అన్నాడు బసప్ప.

గంగాదేవి కొట్టలేదు. పిలవలేదు. తోడేలు వైపు చూడను కూడా లేదు. కుంటుతున్న ఒక గొర్రెను పట్టుకుని, దాని ముందు కాళ్ళు ఎత్తి పిరుదుల మీద కూలేసి, తోడేలుకు వీపు పెట్టి ఇసుకలో కూర్చుంది. నడుములోంచి చిన్న కత్తి తీసి గిట్ట చెక్కడం మొదలుపెట్టింది. కుళ్ళిన అంచు ఒక్కొక్క పొరా తీసింది. వేలితో గిట్ట సందు నొక్కి చూసింది. ప్రపంచంలో ఇక ఏ తోడేలూ లేనట్టు.

కరియ ఆమె ముఖం కోసం చూసింది. ముఖం దొరకలేదు. వీపు కనబడింది.

అది ఆమె చుట్టూ తిరిగి వచ్చి, ఆ వీపుకూ కంబళికీ మధ్య నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. వీరేష్ గుర్రుమన్నాడు. అది కదలలేదు. వీరేష్ ఎడమకు పాకాడు. అదీ ఎడమకు జరిగింది. కుడికి పాకాడు, అదీ కుడికి జరిగింది. వీరేష్ చిరాకొచ్చి కంబళి విదిలించి మీదికి దూకాడు. కుక్క పెదాలు పైకి లేచాయి, పళ్ళు కనబడ్డాయి. ఒక్క అడుగు ముందుకు వేసింది. చప్పుడు లేదు. వీరేష్ నాలుగు కాళ్ళ మీద నుంచి రెండు కాళ్ళ మీదికి లేచి, కంబళి అక్కడే వదిలేసి గట్టు ఎక్కాడు.

ఎవరూ నవ్వలేదు.

గంగాదేవి గిట్ట చెక్కడం పూర్తి చేసి, గొర్రెను లేపి, అప్పుడు వెనక్కి తిరిగింది. "పాసేనా బసప్పన్నా? గొంతు మాత్రం లేదు దానికి."

బసప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. "రేపు కలుపుకో నీ గొర్రెల్ని" అన్నాడు. తర్వాత తొడ మీద చరుచుకున్నాడు. "చూసినారాప్పా! పోయిన వారం ఎట్లుండె, ఈ వారం ఎట్లుండాది! చెవులు కోసిన గుణం ఇది. పెద్దోళ్ళు ఊరికే చెప్పలేదు."

"అవునవును" అన్నారు నలుగురు.

"కాదన్నా!" అంది గంగాదేవి. "చెవులు కోసినా నిలబడిందది. కోసినందుకు కాదు. నాలుగు దినాలు నేనెంత..."

ఆమె మాట ఎవరూ వినడం లేదు. సాక్ష్యం చెవుల్లేకుండా వాళ్ళ ఎదుటే నిలబడి ఉంటే మాటలెవరికి కావాలి? తిప్పేష్ రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. అయిదు రోజులుగా కాదు కాదు అన్న మనిషి ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"సరే గంగక్కా, ఇంక దాచేదెందుకు? నేనే కోసినా. నన్ను ఎన్ని తిట్లు తిట్టినావు! ఇప్పుడు దండం పెట్టు."

"నీ చెయ్యి..." అని ఆమె లేచింది.

"నా చెయ్యి మంచి చెయ్యి. చూడు, దీనికి గూడా ఈడనే చేస్తా. నీ నోటితోనే పొగుడుతావు." పక్కనే ఆపిన బండి గంపలోంచి ఎర్ర కుక్కపిల్లను తీసి మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. అది ఆటనుకుని అతని బొటనవేలు నాకింది. "వీరేషూ, ఉన్ని కత్తెర తే. ఎవురన్నా నిప్పు చేయండప్పా."

ఒకడు ఎండు కంప విరిచాడు. ఇంకొకడు తన కుక్కను కూడా దగ్గరికి లాక్కున్నాడు. గంగాదేవి తిప్పేష్ చెయ్యి పట్టుకుంటే ఇద్దరు ఆమెను పక్కకు నెట్టారు. "నీ కుక్కకైతే బాగుండాది, మా కుక్కలకు వద్దా?" అన్నారు. వీరేష్ తెచ్చిన కత్తెర తిప్పేష్ చేతిలో రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది.

అందాకా గట్టు మీద గొంతుక్కూర్చున్న ఈశ్వరప్ప లేచాడు. కర్ర ఊతం లేకుండా ఇసుకలోకి దిగి వచ్చాడు. వచ్చి ఆ కత్తెర మీద చెయ్యి వేశాడు. ఆయన చెయ్యి కాబట్టి తిప్పేష్ వదిలేశాడు.

"ఏం మామా?" అన్నాడు బసప్ప.

ఈశ్వరప్ప బసప్ప వైపు చూడలేదు. కూతురి వైపు కూడా చూడలేదు. కత్తెరను చూస్తూ మాట్లాడాడు.

"వీడు అబద్ధం చెప్తాండాడు. కోసింది నేను. ఆ పొద్దు బిడ్డ మందుకు పోయింటే, గొర్రెల్ని చెరువు కాడ మేపే రంగన్నకు అప్పజెప్పి ఇంటికొచ్చినా. గొర్రెలు మందలో కలవకుంటే నా బిడ్డ బతుకేమైతాది అనుకుంటి. పిలిస్తే వచ్చె కరియ. కాళ్ళ సందున కూకోమంటే కూకుండె. ఒక చెవి కోసినా. అరిచె గానీ పారిపోలా. నా పంచెలోకి తల దూర్చె. కోసినోడు వేరే యాడనో ఉండాడు, నేను కాపాడ్తా అనుకుండె అది. అట్ల దాంకున్న తలను బయటికి తీసి రెండోది కోసినా. అయిదు దినాలు నా బిడ్డ తిడ్తాంటే ఆ పక్కనే కూకోని సంగటి ముద్దలు మింగుతా ఉంటి. ఆ చెవుల్నే నిప్పుల మీద కాల్చి పెడితే తినె కరియ. రోషం గీషం ఏమీ రాలేదప్పా. ఏడుస్తానే తినె. నా చెయ్యి కాబట్టి తినె."